పాలరాతి మీద పసుపు

ఏలూరు,
12-11-1956

తమ్ముడు చిట్టిబాబుకి,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పరిచిన పాలరాతికి ఒక ఇబ్బంది వచ్చిపడింది.

మీ బావగారి సంవత్సరీకాలకని నా తోటికోడలు నాగరత్నం వచ్చింది. దేవుడి గది ముందు పసుపు మరకలు చూసి, ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమేసింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి రాతి మెరుపు పోయింది గానీ పసుపు పోలేదు.

"మంచికే చేశానండీ అక్కయ్యా. ఈ ఇంట్లో ఇంకా పసుపు పాదాలెందుకండీ?" అంది.

నేను చింతపండు ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

అప్పట్నించి నువ్వు చెప్పినట్టే మంచినీళ్ళతో, మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. మెరుపు తిరిగి రాలేదు. ఆదివారం తాడేపల్లిగూడెంలో పని లేకపోతే పాలిషు రాయి పట్టుకుని రా. మెరుపు పోయినచోటల్లా రుద్ది నునుపు చెయ్యి.

ఆ రెండు పాదాల జోలికి మాత్రం వెళ్ళకు. కిందటేడు శ్రావణ శుక్రవారం నేను కాళ్ళకి పసుపు రాసుకుంటుంటే మీ బావగారు కేకేశారు. తడి ఆరకుండానే పరుగెత్తాను. కొత్త రాయి పాడుచేశానని ఆయన కోప్పడ్డారు కూడా.

ఇక నా కాళ్ళకి పసుపు ఎలాగూ లేదు. రాతికైనా ఉండనీ.

నీ అక్క