ఎర్ర ఇంటూ మార్కు

2001 జూన్ 4, సోమవారం

రెండు డబ్బాల ఎర్ర రంగు, ఒక కుంచె, ఒక సుత్తి, ఒక రిజిస్టరు. ఈ వేసవికి నా ఉద్యోగం ఇంతే.

ఏఈ గారు చెప్పిన పని: ముదిగుబ్బ దగ్గర ఒక ఊళ్లో మట్టి కప్పు మిద్దెలన్నీ చూడాలి. గట్టి వానకు నిలవవు అనుకున్న వాటి గోడ మీద ఇంటూ మార్కు వేయాలి, పేరు రాసుకోవాలి. వాన ముదిరితే ఆ ఇళ్లవాళ్లను బడికి చేర్చాలి. ఆ ఊళ్లో బడికి సిమెంటు కప్పు ఉంది. పోయిన ఏడు ఎక్కడో ఒక్క వానకే మిద్దె కూలి తల్లీబిడ్డా పోయారట, అందుకని ఇప్పుడీ హడావిడి.

అటెండరు రంగు డబ్బాలు చూసి నవ్వాడు. "వానా? ఈడనా? పశువులకి గడ్డి యాడ దొరుకుతాదో రాసుకోమంటే అర్థముండాది సార్."

నాకూ నవ్వొచ్చింది. నవ్వలేదు.

జూన్ 6

ముదిగుబ్బ నుంచి పొద్దుటి బస్సు. ఊరు చేరేసరికే ఎండ.

పని తేలిక. సుత్తితో దూలం మీద కొడతాను. గట్టిగా పలికితే మంచిది, డొల్లగా పలికితే లోపల చెదలు. తర్వాత మిద్దె ఎక్కి, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాక్షి అంచు దగ్గర, పైన పరిచిన చౌడు మట్టి మందం కొలుస్తాను. జానెడు ఉంటే సరే. అంతకు మించితే దూలం వంక మళ్లీ చూడాలి.

పదకొండు ఇళ్లు చూశాను. రెండు మార్కులు.

మధ్యాహ్నం లక్ష్మక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ. హోటలంటే ఆమె ఇంటి ముందు గదే. రెండు బెంచీలు, ఒక పొయ్యి. మొగుడు బెంగళూరులో సెంట్రింగు పనికి పోతాడట. వెనక గదిలో ఆమె మామ ఓబుళప్ప, చేతికర్రతో. బజ్జీలో మిరపకాయ మనిషిని పరీక్షించేలా ఉంది. రేపూ ఇక్కడే తినాలి, ఊళ్లో ఇంకో చోటు లేదు.

జూన్ 7

ఎండ. కుక్కలు కూడా మొరగడం మానుకున్నాయి. తొమ్మిది ఇళ్లు, ఒక మార్కు.

జూన్ 11

ఈ రోజు లక్ష్మక్క ఇల్లే చూడాల్సి వచ్చింది.

దూలం పగిలింది. రెండో బెంచీకి సరిగ్గా పైన, మూరెడు పొడవు చీలిక, వేలు దూరుతుంది. సుత్తి అవసరం రాలేదు. మిద్దె ఎక్కి గవాక్షి దగ్గర కొలిచాను. చౌడు మూరెడు మందం. ఇంత మందం నేను ఎక్కడా చూడలేదు.

కిందికి దిగితే ఓబుళప్ప పిలిచాడు. ఈ ఊళ్లో సగం మిద్దెలకు చౌడు పోసింది ఆయనేనట. గవాక్షి కింద నిలబడి కర్ర పైకెత్తి ఒక్కో పొర చూపించాడు.

"అదో, ఆ నల్లగుండేది మా వోడు పుట్టిన ఏడుది. దాని మీద తెల్లగుండేది మా ఆడమనిషి పోయిన ఏడుది."

ఏటా పోస్తారా, పాతది తీయకుండానే, అని అడిగాను.

"తీసేదెందుకప్పా? వాన పడితే పాతది కొంత కొట్టుకపోతాది, కొత్తది పోస్తాము. అట్ల సరిపోతాది. ఇప్పుడు వాన యాడిది? పోసింది పోసినట్లే ఉండాది."

ఆయన గర్వంగానే చెప్పాడు. నేను రాసుకున్నాను. వాన రాని ఏళ్లన్నీ వాళ్ల నెత్తి మీద పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. వాన లేకపోవడం వల్ల బరువు పెరుగుతుందని మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

వాకిలి పక్కన ఇంటూ మార్కు వేశాను. లక్ష్మక్క చూసింది. టీ ఇచ్చింది.

జూన్ 12

మార్కు లేదు. దాని మీద లక్ష్మక్క కొట్టిన సున్నం, ఇంకా తడిగానే ఉంది.

"ఏం చేయల్ల సార్? పొద్దున ఒగాయప్ప వాకిట్లోనే నిలబడి, ఏమక్కా మిద్దె పడతాదంట కదా అని ఎనక్కి పాయ. నా పొయ్యి ఎట్ల మండల్ల?"

మళ్లీ వేయాలి. కుంచె సంచిలోనే ఉంది. ఉగ్గాని వేడిగా పళ్లెంలో పెట్టింది. రేపు వేద్దాంలే అనుకుని తిన్నాను.

జూన్ 15

వేయలేదు.

జూన్ 16

ఒక సంగతి గమనించాను. నాలుగు రోజులుగా నేను మొదటి బెంచీ మీదే కూర్చుంటున్నాను. రెండోది ఖాళీగా ఉన్నా సరే. కావాలని చేయలేదు, కాళ్లే అటు పోతున్నాయి.

జూన్ 20

ఊరంతా ఎర్రబడింది.

నేను వేసినవి పద్నాలుగు. ఈ రోజు లెక్కపెడితే డెబ్బై దాటాయి. ఎర్ర మార్కు ఉన్న ఇంటికి పక్కా ఇల్లు మంజూరవుతుందని ఎవరో అన్నారట. నా రంగు అయిపోయిందనుకున్నారేమో, అంగట్లో కొని వేసుకున్నారు. రేషన్ డీలరు సిమెంటు మిద్దెకూ ఉంది మార్కు. ఒక గొర్రెల దొడ్డికి రెండు పక్కలా ఉంది. కొందరు నాకంటే నీటుగా వేశారు.

తలారి నాగన్నను అడిగాను. తన గోడ మీద మార్కు చూపించి సిగ్గు పడకుండా చెప్పాడు. "సర్కారోళ్లు గోడ మీద రాసినారంటే ఏదో ఒగటి వస్తాది సార్. ఎప్పుడు వచ్చేది తెల్దు గాని, వస్తాది."

కరువు పనుల జాబితా, పశుగ్రాసం జాబితా, బియ్యం జాబితా... జాబితాలో లేనివాడికి ఏమీ రాదని వీళ్లకు నేర్పింది మేమే. కోప్పడదామనుకున్నాను, ఎవరి మీద పడాలో తెలియలేదు.

ఊరి మొత్తంలో మార్కు లేని మట్టి మిద్దె ఒక్కటే. లక్ష్మక్కది.

జూన్ 25

రిజిస్టరు ఏఈ గారి ఆఫీసులో ఇచ్చేశాను. పద్నాలుగు మార్కుల్లో పదమూడు పేర్లే రాశాను. గోడ మీద మార్కు లేని ఇల్లు రిజిస్టరులో ఉంటే తనిఖీలో అడుగుతారు కదా... అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. రోజూ అన్నం పెట్టే మనిషితో తగువు ఎందుకని. ఇక్కడైనా నిజం రాయాలి.

జూలై 9

కొత్త పని. అదే ఊళ్లో బడికి వరండా కడుతున్నారు, నన్ను చూసుకోమన్నారు. మళ్లీ అదే బస్సు, అదే ఉగ్గాని.

జూలై 19

వేరుశనగ విత్తారు. మేఘం వచ్చి, చూసి, పోయింది.

జూలై 28

ఓబుళప్ప మిద్దెకు ఈ ఏటి చౌడు. లక్ష్మక్క గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతుంది, దిగుతుంది. ఆయన కింద నులకమంచం మీద కూర్చుని "ఆ మూలకు పోయి, ఆ మూలకు" అంటాడు.

పాతది తీసేసి పోసుకోండి పెద్దాయనా, అన్నాను. చేతిలో ఆమె ఇచ్చిన టీ గ్లాసే ఉంది.

"తీస్తే కారుతాది. కొత్త చౌడు కూచునేకి రెండేండ్లు పడతాది నాయనా. నీకి తెల్దు."

టీ తాగి గ్లాసు కడిగి ఇచ్చాను. ఆమె ఎక్కిన ప్రతిసారీ దూలం కిర్రుమనడం వినిపించింది.

ఆగస్టు 17

వాన లేదు. వేరుశనగ చెట్టు వాడిపోతోంది.

సెప్టెంబరు 24, సోమవారం

వాన. నిన్న మధ్యాహ్నం మొదలై ఆగలేదు. మొదట జనం వాకిట్లోకి వచ్చి తడిశారు. నేనూ తడిశాను. సంతోషంగానే ఉంది.

సెప్టెంబరు 25

ఇంకా వాన. వంక పొంగి బస్సు రాలేదు. నేను ఊళ్లోనే చిక్కుపడ్డాను.

ఎస్టీడీ బూత్ నుంచి ఏఈ గారికి ఫోను. "మార్కులేసిన ఇళ్లవాళ్లను వెంటనే బడికి చేర్చండి" అన్నారు. ఏ మార్కులు సార్, అని అడగలేకపోయాను. రిజిస్టరు చదవమన్నాను. బీరువా తాళం గుమాస్తా దగ్గర, గుమాస్తా సెలవులో.

నాగన్న దండోరా వేశాడు. "ఇంటూ మార్కు ఉండే ఇండ్లోళ్లంతా బడికి పోవల్లహో..." గోనెసంచి కప్పుకుని ఊరంతా తిరిగాడు. ఒక్కరూ రాలేదు. తమ మార్కు తామే వేసుకున్నవాళ్లకు తెలుసు అది ఉత్తదని. నేను మార్కు వేసిన ఇళ్లవాళ్లు కూడా తమదీ అలాంటిదే అనుకున్నారు. ఒకాయన కిటికీలోంచే అన్నాడు, "నాగన్నా, నీ ఇంటికీ ఉండాది మార్కు. నువ్వు పోయినావా ముందు?"

నేనే గొడుగు పట్టుకుని బయల్దేరాను. పేర్లు గుర్తు లేవు. దూలాలు గుర్తున్నాయి. చెదల దూలం, వంగిన దూలం, వేపకొయ్య ఊత పెట్టినది, పొగచూరి నల్లబడినది... ఒక్కో ఇంట్లోకి పోయి తల పైకెత్తి చూడడం, గుర్తుపట్టడం, బతిమాలడం. సాయంత్రానికి పదకొండు ఇళ్లవాళ్లు బడికి చేరారు. ఇంకో రెండు దొరికాయి, పెద్దవాళ్లు రామన్నారు, పిల్లల్ని మాత్రం పంపారు.

పద్నాలుగోది వెతకాల్సిన పని లేదు. ఈ రోజంతా ఆ వీధికి పోలేదు.

సెప్టెంబరు 26, పొద్దున

వాన సన్నబడలేదు. బడికి చేరినవాళ్ల ఇళ్లలో ఒకటి తెల్లవారేసరికి సగం దిగిపోయింది. లోపల ఎవరూ లేరు. నాగన్న వచ్చి చెప్పి, నా ముఖం వంక చూసి, తన పెళ్లాం బిడ్డల్ని కూడా బడికి తెచ్చుకున్నాడు.

లక్ష్మక్క దగ్గరికి పోయాను. బెంచీల మీద జనం. ఇళ్లలో తడి కట్టెలు మండక అందరూ ఇక్కడికే వచ్చారు. చీలిక కింద నలుగురు కూర్చుని తింటున్నారు. కప్పులోంచి బురద నీళ్లు కారుతుంటే బొచ్చె పెట్టింది.

చెప్పాను. ఇల్లు నిలవదు, మామను తీసుకుని బడికి రా లక్ష్మక్కా.

"మా ఇంటికి మార్కు లేదు కదా సార్."

నేను వేశాను, నువ్వు సున్నం కొట్టావు, అన్నాను.

"కొట్టినా. నువ్వు చూసినావు. చూసి, మూడు నెల్లు ఈడనే కూచోని తింటివి. పడేదే అయితే నువ్వెట్ల కూచుంటివి? నిన్ను చూసే కదా నాకి ధైర్యము."

తింటున్నవాళ్లు తలెత్తి నన్ను చూశారు. సిగ్గు వేసింది.

పళ్లెం పెట్టించుకున్నాను. తీసుకుని బయటికి వచ్చి వీధిలో వానలో నిలబడి తిన్నాను. గొడుగు లేకుండా. ఉగ్గానిలో నీళ్లు నిండాయి. ఎవరో "సార్‌కి ఏమైందప్పా" అన్నారు. కాసేపటికి నాగన్న పళ్లెంతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తర్వాత ఇంకొకాయన. రెండో బెంచీ ఖాళీ అయింది. తర్వాత మొదటిదీ.

"నా కడుపు మీద కొట్టినావు సార్" అంది లక్ష్మక్క వాకిట్లో నిలబడి. అంటూనే మధ్యాహ్నానికి పొయ్యి, గిన్నెలు బడి వరండాకు మోయించింది.

ముసలాయన రాలేదు. రెండుసార్లు పోయి పిలిచింది. వాళ్లూ వీళ్లూ పోయి పిలిచారు. ఎత్తుకుని పోదామంటే కర్ర ఎత్తాడు.

అదే రోజు, మధ్యాహ్నం తర్వాత

ఇది ఓబుళప్ప ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకునేట్టు లేవు.

వెనక గదిలోకి పోయి పిలిచాను. "ఈ మిద్దె నేను ఏసింది. నా మీద పడదు" అన్నాడు. నేను దూలం చూపించాను. చీలికలో ఇప్పుడు వేలు కాదు, చెయ్యి పడుతుంది. పైన చౌడంతా నీళ్లు తాగి ఉంది.

ఆయన దూలం వంక చూడలేదు. నన్నే చూశాడు.

"నువ్వు ఆ రెండో బెంచీ మీద ఏ పొద్దూ కూచోలేదు. వాకిలికాడిదే నీది. నేను ఈ గదిలో నుంచి చూస్తాంటి."

నేను వాకిలి దగ్గరి బెంచీ వంక చూశాను.

"అది పగిలిందని నీకి తెలుసు. నీకి తెలుసని నాకి తెలుసు. మా కోడలే నిన్ను చూసి పడదనుకునె. అన్నము పెట్టిన దానికి చెప్పల్ల కదప్పా."

చెప్పాలి పెద్దాయనా, అన్నాను.

"నేనైనా చెప్పల్ల. నేను పోసిన చౌడు కదా, నోరు రాలేదు."

అంతే. మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

ఎత్తుకుపోదామన్నా రాడు. వదిలి పోతే ఉంటాడు. నేను ముందు గదిలోకి వచ్చి రెండో బెంచీ మీద కూర్చున్నాను. మీరు లేచినప్పుడు నేనూ లేస్తాను, అన్నాను. ఇలా చేయమని ఏ సర్క్యులర్‌లోనూ లేదు. భయంగా ఉంది. పైకి చూడడం లేదు.

వాకిట్లో లక్ష్మక్క వచ్చి నిలబడింది. లోపలికి రావద్దన్నాను. నన్ను చూసింది, నేను కూర్చున్న చోటు చూసింది. "మామా, లెయ్యి" అంది మెల్లిగా.

పైనుంచి కాగితం మీద బూడిదరంగు బురద చుక్క ఒకటి పడింది. పక్కనే ఇంకోటి.

పెద్దాయన చేతికర్ర కోసం తడుముతున్నాడు. లేవడానికో, నన్ను కొట్టి పంపడానికో...