మునిగిన పొగాకు చేను

సుభద్రా,

నువ్వు పోయాక అమెరికాలో అమ్మాయి ఉండే క్యారీ రావడం ఇదే మొదలు. ఈ ఏడు వానల్లేక, ఊరి పక్క లేక్‌లో నీళ్ళు తగ్గి, మునిగిన పాత రోడ్డు బయటపడిందంటే చూడ్డానికి మన అమ్మాయి తీసుకెళ్ళింది. వరదలు ఆపడానికి కట్టిన రిజర్వాయరు. ఇప్పుడు ఊరంతా ఈ నీళ్ళే తాగుతోంది. కిందటిసారి నువ్వు కారు దిగలేదు. "అడుగున ఎవరి ఇళ్ళున్నాయో," అన్నావు. మీ ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో మునిగిందని తెలిసి మేమూ బలవంతం చెయ్యలేదు.

గట్టున గాలం వేసుకుంటున్న ముసలాయన నీళ్ళలోకి చెయ్యి చూపించి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"వాళ్ళ నాన్న పొగాకు చేను అక్కడే ఉండేదట నాన్నా."

"మీ అమ్మదీ మునిగిన ఊరేనని చెప్పమ్మా."

చెప్పింది. ఆయన గాలం కింద పెట్టి, ఆమె కూడా వచ్చిందా అని అడిగాడు. ఆ మాట అమ్మాయి చెప్పకుండానే నాకు అర్థమైంది. ఆయన మన కారు వైపు చూస్తున్నాడు.