చెరపని టెస్టు ఫొటో

పార్వతీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన బరంపురం స్టూడియోలోని మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరాకి కొత్తగా ఎనభై ఎంఎం లెన్సు వచ్చింది.

ఏ లెన్సు వచ్చినా ముందు నిన్నే స్టూలు మీద కూర్చోబెట్టేవాణ్ని. "నా మొకం వొదిలేసి మూలలు సూత్తావేటి?" అనేదానివి. ఫొటో మూలల్లో పదును చూసుకుని, టెస్టు ఫొటోలే కదా అని అన్నీ చెరిపేసేవాణ్ని. అందుకే పదకొండో రోజున ఆధార్ కార్డులోని మసక బొమ్మను పెద్దది చేయించి దండ వేశాను. రంభ ఊరి నుంచి వచ్చిన మీ అమ్మ, "ఊరందరికీ తీత్తావు గదా బాబూ, నా పిల్లదొక్కటీ నేదేటి?" అంది.

ఇవాళ ఖాళీ స్టూలునే తీశాను. లెన్సు మంచిదే, మూలల దాకా పదునుంది. విసుగొచ్చినప్పుడల్లా స్టూలు అంచున నువ్వు గోటితో గీరిన గీతలు కూడా ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

ఈ ఫొటో చెరపలేదు.