స్వతంత్రురాలినని గైడు గారి సంతకం

నాన్నగారికి నమస్కరించి విన్నవించునది: నేను క్షేమం, నా ఉద్యోగం డిసెంబరు వరకే క్షేమం. ఆ తరువాత కూడా మూత్రపిండ కణాలపై నా పరిశోధన సాగాలంటే కొత్త పరిశోధకులకిచ్చే గ్రాంటు రావలసిందే. దానికి, నేను గైడు గారిపై ఆధారపడకుండా పని చేయగలనని గైడు గారే ధ్రువీకరించాలట. ఆ లేఖ నన్నే రాసుకురమ్మన్నారు. రాసి ఇస్తే, "స్వతంత్రంగా" కొట్టేసి "నా పర్యవేక్షణలో" అని దిద్దారు.

"ఇలాగైతే గ్రాంటు రాదండీ," అన్నాను.

"మరి నేనెందుకమ్మా?"

"సంతకానికండీ."

ఆయన ఎదుటి కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చుని పాత మాటే పెట్టించాను.

"రాకపోతే ఏం చేస్తావ్?"

"వచ్చే విడతకి మళ్ళీ ఈ కుర్చీలోనే ఉంటానండీ."

వెంటనే సంతకం చేశారు.

ఇక తమరి పని. డాక్టరేటు పట్టా పుచ్చుకుని అయిదేళ్ళు దాటితే కొత్త పరిశోధకులు కారట. నాకు ఆ గడువు మీద రెండు నెలలు దాటింది. అమ్మ మోకాలి ఆపరేషనుకు నేను పెట్టిన ఎనిమిది నెలల సెలవు మినహాయిస్తారు గాని, ఆసుపత్రి కాగితం చూపాలి. బీరువా పైఅరలో ఉంటుంది. ఇరవయ్యో తేదీలోగా అందేలా రిజిస్టరు పోస్టులో పంపండి.

అమ్మ మెట్లెక్కుతోందా? పిన్ని నా సంగతడిగితే దస్త్రం కదిలిందనీ, నేను కదలననీ చెప్పండి.

మీ పెద్దమ్మాయి