కర్రు లేని నాగలి

1948 సెప్టెంబర్, రాత్రి

ఇవాళ మా సర్కారు మీదికి దండెత్తిన ఇండియన్ యూనియన్ విమానం ఊరి మీదుగా ఎంత కిందికి వచ్చిందంటే, గొడ్లు పలుపులు తెంపుకున్నాయి. దాని మీద ఒక్క తుపాకీ పేలలేదు.

విమానాలను కూల్చే ఫిరంగులు సర్కారు పట్నం కార్ఖానాలో పోత పోస్తుందని, ఎండాకాలంలో పటేలు మా నాగళ్ల ఇనుప కర్రులన్నీ ఊడబీకి పంపాడు. తన ఇంటి ఇనుప గేటు మాత్రం ముట్టలేదు. కర్రు లేక మా చేను బీడు పడింది.

విమానం చప్పుడుకు అదే పటేలు మా కొట్టంలోకి ఉరికొచ్చాడు.

"జర దాసిపెట్టు మల్లయ్యా" అన్నాడు మా బాపుతో.

"మా కర్రులు తీస్కపోతివి గద పటేలా. నీ గేటున్నది, పోయి దానెన్క దాక్కో" అన్నాడు బాపు.

వాడు కదల్లేదు. నాకు ఒళ్లు మండింది.

కొత్త సర్కారు వస్తుందట. కర్రులు ఏ సర్కారును అడగాలి?