నర్సమ్మగారి కారు సెల్ఫ్ కొట్టలేదు

మార్చి 3, సోమవారం

నర్సమ్మగారి కారు తాడు కట్టించుకుని షెడ్డుకి వచ్చింది. తాళం తిప్పితే డాష్‌బోర్డ్ మీద లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. సెల్ఫ్ మాత్రం కొట్టలేదు.

మావయ్యగారు బానెట్ మీద చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు. ఆగిపోయిన బండిలో ఆయనకి ఏం వినపడుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాదు. నిమిషం తర్వాత లేచి, సెల్ఫ్ మోటార్ పోయిందని తేల్చారు.

నేను స్కానర్ పెట్టాను, తప్పు ఎక్కడుందో కారునే అడిగే మిషన్. నో కమ్యూనికేషన్ అని వచ్చింది. మావయ్యగారు ముందు ఆ మిషన్‌ని రిపేరు చేయించుకోమన్నారు.

షెడ్డు ఆయనది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆయనది. నేను ఆయన కోడలిని. ఆటో ఎలక్ట్రికల్ కోర్సు చేశాను, ఫస్ట్ క్లాసు. ఆరేళ్లుగా ఇక్కడ "మా అమ్మాయి కాస్త లైట్లూ హారన్లూ చూస్తుంది" అనే హోదాలో ఉన్నాను.

మార్చి 4, ఉదయం 11

సెల్ఫ్ మోటార్ మార్చారు. కొట్టలేదు.

సాయంత్రం 4

బ్యాటరీ మార్చారు. కొట్టలేదు. నేను ఏమీ అనకుండా ఎలా నిలబడ్డానో చూసి ఆయనకి కోపం వచ్చింది.

మార్చి 5, బుధవారం

పొద్దున్న మావయ్యగారు ఊరికే తాళం తిప్పారు. స్టార్ట్ అయింది. మళ్లీ తిప్పారు, మళ్లీ అయింది. నా వైపు చూశారు. ఆ చూపు ఒక గంటసేపు నా మీదే ఉంది.

కారణం దొరక్కుండా బండి ఇవ్వొద్దని చెప్పాను. నడిచే బండిని పట్టుకుని ఆపే మెకానిక్‌ని ఈ వయసులో చూడాల్సి వచ్చిందని ఆయన నర్సమ్మగారితో అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ కారు తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 6, గురువారం

నవ్వు అయిపోయింది.

ఇటుకల బట్టీ దగ్గర ఎవరికో నొప్పులొస్తున్నాయని నర్సమ్మగారికి ఫోన్. సగం దారిలో కారు ఆగిపోయింది. మళ్లీ అవే లైట్లు. చుట్టుపక్కల పురుళ్లు పోసేది ఈవిడ ఒక్కతే. రోడ్డు మీద చెయ్యెత్తి పాల వ్యాన్ ఆపి, క్యాన్ల మధ్య కూర్చుని వెళ్లిందట. లోపలికి అడుగుపెట్టిన పది నిమిషాలకి బిడ్డ బయటపడింది. మెడకి పేగు చుట్టుకుని ఉంది. తప్పించింది. ఇద్దరూ క్షేమం.

కారుని మళ్లీ తాడు కట్టించి తెచ్చి, ఇదంతా ఆవిడ మా బల్ల మీద కూర్చుని, కోపం లేకుండా చెప్పింది. చీరంతా పాల వాసన. కోప్పడితే బాగుండేది.

ఆవిడ వెళ్లాక మావయ్యగారు చాలాసేపు స్పానర్లు సర్దారు. అవి సర్దే ఉన్నాయి. తర్వాత నా వైపు చూడకుండా అన్నారు. "నువ్వు చూడమ్మా."

ఆరేళ్లలో మొదటిసారి.

మార్చి 7, శుక్రవారం

ఈ కారులో ఏడు చిన్న కంప్యూటర్లున్నాయి. మెలిపెట్టిన రెండు సన్నటి వైర్ల మీద అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ మాట ఆగిందంటే, తిప్పింది సరైన తాళమో కాదో ఇంజనుకి తెలీదు. తెలీకపోతే సెల్ఫ్ కొట్టనివ్వదు. మోటార్ కొత్తదైనా అంతే. మావయ్యగారికి ఇదంతా చెప్పాను. అయితే ఇది కారు కాదు, ఆఫీసు అన్నారు.

బ్యాటరీ తీసేసి మీటరు పెట్టాను. ఆ రెండింటిలో ఒక వైరు బాడీకి తగులుతోంది. మీటరు కుయ్యిమంది. అప్పుడు కంప్యూటర్లు ఒక్కొక్కటీ ఊడదీశాను. ఒకటి తీశా, కుయ్. రెండు, కుయ్. ఏడూ తీసి వరసగా గోనె మీద పెట్టినా కుయ్యే. అంటే తప్పు వాటిది కాదు. వైరుది.

తర్వాత మూడు గంటలు నా తల డాష్‌బోర్డ్ కింద, కాళ్లు సీటు మీద. మావయ్యగారు అవతలి పక్కనుంచి వైర్ల కట్టని జానెడు జానెడు కుదిపారు. కుదిపిన ప్రతిసారీ కూత ఆగిందా అని అడిగారు. చెవి పక్కనే ఉంది మీటరు, ఆయన చెవి పక్కనే. నేను ఆ మాట ఎత్తలేదు. స్టీరింగ్ ఎడమ పక్కకి వచ్చేసరికి కూత ఆగింది. వదిలారు, మొదలైంది. పట్టుకున్నారు, ఆగింది.

ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి చూస్తే, స్క్రూ. నా చిటికెన వేలంత. డాష్ కింద సంచి తగిలించుకునే కొక్కెం ఒకటుంది, దానికి కొట్టిన స్క్రూ. తొడుగు దాటి, వెనక ఇనప పట్టీలోకి దిగింది. దారిలో వైర్ల కట్టని ఒరుసుకుంటూ పోయింది. నెలల తరబడి రాసుకుని రాసుకుని వైరు తోలు ఊడింది. కారు కుదుపుకి తగిలితే ఆగడం, తప్పుకుంటే నడవడం.

అప్పుడు నేను నోరు పారేసుకున్నాను. ఏ బుద్ధిలేని మనిషి ఇంత స్క్రూ కొట్టాడో వాడి చేతులకి ఇకమీద స్క్రూడ్రైవర్ ఇవ్వకూడదన్నాను. వెనక ఏముందో చూడకుండా బిగించేవాడు బండ్లు కాదు, గేదెల్ని కాసుకోవాలన్నాను. ఇంకా చాలా అన్నాను. పక్క టైర్ల షాపతను కూడా వచ్చి విన్నాడు.

మావయ్యగారు ఆ స్క్రూ అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

వైరు అతికించి, టేపు చుట్టి, అన్నీ తగిలించాను. మొదటి తిప్పుకే సెల్ఫ్ కొట్టింది. శబ్దం బ్రహ్మాండంగా ఉంది. ఆయన బానెట్ దగ్గరికి రాలేదు.

మార్చి 8, శనివారం

ఆ కొక్కెం తనే బిగించి ఉంటానని మావయ్యగారు అన్నారు. ఆ బండి మీద వేరే ఎవరు చెయ్యి వేస్తారు అన్నారు. గుర్తు రావడం లేదట, గుర్తు రాకపోవడమే అసలు భయమట. పొద్దున్నే నర్సమ్మగారింటికి నడిచి వెళ్లి క్షమాపణ అడిగి వచ్చారు.

నాకు జాలేసింది. దాని కింద కొంచెం సంతోషం కూడా ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం 2

ఆయన ఏ తారీఖున బిగించారో చూద్దామని పోయిన ఏడాది డైరీ తీశాను. తారీఖు చేతిలో ఉంటే జన్మంతా పనికొస్తుందని.

నవంబర్ 14. నా రాత. "నర్సమ్మగారు కారు వదిలి వెళ్తూ సంచికి కొక్కెం అడిగారు. చిన్న స్క్రూ ఊగుతుందని పొడవుది వేశా. రెండు నిమిషాల పని. గట్టిగా కూర్చుంది."

మార్చి 9, ఆదివారం

ఇవాళ ఏమీ రాయను. రాస్తే ఏమవుతుందో చూశాను.

మార్చి 10, సోమవారం

మావయ్యగారు షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టారు. ఇకమీద నువ్వే చూసుకో అన్నారు. తన చేతుల మీద తనకి నమ్మకం పోయిందన్నారు. ఆరేళ్లుగా ఈ మాట కోసం చూశాను. ఆ రోజు ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఒంటరిగా షెడ్డు తెరిచాను. స్కానర్‌ని ఆయన బల్ల మీద పెట్టాను. మళ్లీ తీసి నా మూలలో పెట్టుకున్నాను.

మార్చి 11, మంగళవారం

ఇంట్లో కూర్చున్న మావయ్యగారు మిక్సీ విప్పారు. తలుపుల బందులన్నిటికీ ఆయిల్ పెట్టారు. ఆ ఆయిల్‌తో అత్తగారు జారిపడబోయారు. కుట్టు మిషన్ కూడా విప్పుతానంటే, దాని మీద చెయ్యి పడితే పుట్టింటికి పోతానని ఆవిడ చెప్పారు. ఆవిడకి డెబ్భై ఏళ్లు. పుట్టింట్లో ఎవరూ లేరు.

మా ఆయనకి నిజం చెప్పాను. ఆయన లైబ్రరీలో పని చేస్తారు, ఏది విన్నా ముందు ఏ అరలో పెట్టాలో ఆలోచిస్తారు. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది అని అడిగారు. ఏమీ కాదన్నాను. అదే నాకు భయంగా ఉందన్నాను.

మార్చి 12, బుధవారం

చెప్పేశాను. వరండాలో, నిలబడి. ఆ స్క్రూ కొట్టింది నేనే మావయ్యగారూ అన్నాను.

ఆయన నమ్మలేదు. పైగా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నా తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు, ఇంత మంచిదానివని నాకు తెలీలేదు అన్నారు. అత్తగారిని పిలిచి కూడా చెప్పారు. ఆవిడా కళ్లు తుడుచుకుంది. నాకు పిచ్చెక్కింది. తప్పు ఒప్పుకోవడానికి సాక్ష్యం కావాల్సి వచ్చింది.

డైరీ తెచ్చాను. నవంబర్ 14 తీసి, పైసగం చేత్తో మూసి, కింద సగం చూపించాను. చదివారు. రెండుసార్లు చదివారు. తర్వాత నెమ్మదిగా నా చెయ్యి పక్కకి జరిపారు.

పైన ఇలా ఉంది. "మావయ్యగారికి వినికిడి పోతోంది. ఇంజను చెప్పేది వినపడక సొంతంగా కల్పించి చెబుతున్నారు. ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నాకూ లేదు."



ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "పొడవు స్క్రూ వేసేముందు వెనక వేలు పెట్టి చూడాలి. నీకు చెప్పలేదా నేను?"

"చెప్పలేదు మావయ్యగారూ."

"అయితే అది నా తప్పే," అన్నారు. చెప్పులు వేసుకుని షెడ్డు వైపు నడిచారు.

మార్చి 13, గురువారం

సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఆయనే చెప్పారు. వచ్చిన ప్రతివాడికీ మొదటినుంచి చెబుతున్నారు. బుద్ధిలేని మనిషి, గేదెలు, అన్నీ నేనన్నవి అన్నట్టే, నా గొంతుతో. టైర్ల షాపతను పక్కనుంచి అందిస్తున్నాడు. నర్సమ్మగారు విని, సంచి తగిలించుకోవడానికి ఇబ్బందిగా ఉంది, ఆ కొక్కెం మళ్లీ ఎప్పుడు బిగిస్తావు అని అడిగింది. అంతే అడిగింది. నేను బానెట్ వెనక్కి వెళ్లి కాసేపు అక్కడే ఉన్నాను.

మార్చి 15, శనివారం

చెవుల పరీక్షకి నర్సమ్మగారే మావయ్యగారిని తన కారులో తీసుకెళ్లింది. కుడి చెవి చాలావరకు పోయింది. ఎడమది ఫరవాలేదు. తిరిగొచ్చి, ఇంతకాలం తప్పు చెవి ఆనించానన్నమాట, అన్నారు. సోమవారంనుంచి తను ఇంజన్లు, నేను కరెంటు. కొత్త బోర్డు రాయించమన్నారు. నా పేరు ఆయన పేరుకి కింద కాదు, పక్కన.

మార్చి 17, సోమవారం

మావయ్యగారు డైరీ కొనుక్కున్నారు. తాళం ఉన్నది. మధ్యాహ్నం బల్ల దగ్గర అరగంట రాశారు, నడుమ నడుమ నా వైపు చూస్తూ.

తాళం చిన్నదే. సన్నటి స్క్రూడ్రైవర్ చాలు.

ఇంకా తెరవలేదు.