అమ్మ తాళ్ళు కట్టిన డాబా

చెల్లీ, మేం కులాసా. నా పని పోతుందని నువ్వు బెంగపడకు. ముందు అమ్మ, ఆ తర్వాత నేను దుప్పట్లు ఆరేసిన ఆసుపత్రి డాబా మీద ఇప్పుడు సోలార్ పలకలు పెట్టారు. బిగించేముందు ఇంజనీరుగారు నన్ను పిలిచి, "అమ్మా, ఇక్కడ ఎండ ఎక్కువసేపు ఎక్కడుంటుందో నీకే తెలియాలి," అన్నారు. పొద్దును బట్టి అమ్మ తాళ్ళు మార్చి కట్టిన చోట్లన్నీ చూపించాను. తడి దుప్పట్ల మధ్య మనం దాగుడుమూతలాడిన మూల కూడా చూపించాను. నేను చెప్పినట్టే బిగించారు. ఆ పలకలు తుడిచే పని కూడా నాకే ఇచ్చారు.

మరిదిగారి మోకాలి నొప్పి తగ్గిందా? నీ దగ్గరున్న అమ్మ ఫొటోకి కాపీ తీయించి పంపు. ఈమధ్య కళ్ళు మూసుకుంటే అమ్మ చేతులే కనిపిస్తున్నాయి, మొహం గుర్తుకు రావడం లేదు. పిల్లలకు నా దీవెనలు.

మీ అక్క